గైడ్‌బుక్ చూసి వేసుకున్న జపాన్ ప్లాన్ అక్కడికి వెళ్లాక ఎందుకు తప్పుతుంది?

సమస్య: ధరలు, చిరునామాలు పుస్తకంతో కలవడం లేదు.

ప్రయాణ సలహా కోసం నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది పుస్తకం నిండా గుర్తులు పెట్టుకుని వస్తారు గానీ, అది ఏ సంవత్సరపు ముద్రణో చూసి ఉండరు. దయచేసి మొదట ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ తిప్పండి. ఎవరో ఇచ్చిన పాత ప్రతిలో ఆ పేజీ చిరిగిపోయి ఉంటే రెండు గుర్తులు చూడండి. ట్యూనా చేపల వేలం టోక్యోలోని త్సుకిజీ మార్కెట్‌లో జరుగుతుందని ఉంటే అది 2018 అక్టోబరుకు ముందటి సమాచారం; ఆ టోకు మార్కెట్ అప్పుడే అదే నగరంలోని తొయోసుకు తరలిపోయింది. పర్యాటకులు జపాన్ రైళ్లలో తిరగడానికి కొనే ఏడు రోజుల జేఆర్ పాస్ 29,650 యెన్‌లని ఉంటే అది 2023 అక్టోబరుకు ముందటిది. ఆ నెలలో పాస్ ధర 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో వెళ్లి రావడానికి దాదాపు 28,000 యెన్‌లే అవుతాయి కాబట్టి, ఆ ఒక్క ప్రయాణానికే పాస్ గిట్టుబాటవుతుందన్న పాత సలహా ఇప్పుడు నష్టం తెస్తుంది.

సమస్య: వీసా అక్కర్లేదని పుస్తకంలో ఉంది.

ఆ మాట అమెరికా, యూరప్ పాఠకుల కోసం రాసినది. భారత పాస్‌పోర్టుతో పర్యటనకు వెళ్లేవారు ముందుగా వీసా తీసుకోవాలి.

సమస్య: ముద్రణ కొత్తదే, సోమవారం సెలవని చూసి మంగళవారం వెళ్లినా మ్యూజియం తలుపులు మూసి ఉన్నాయి.

నన్ను బాగా దెబ్బతీసినది ఇదే. బంధువుల కుటుంబానికి నేనే ప్లాన్ వేసి, టోక్యోలోని ఉయెనో పార్కు చుట్టూ ఉన్న మ్యూజియాలన్నింటినీ ఒక మంగళవారానికి పెట్టాను. పిల్లలతో, పెద్దవాళ్లతో అంత దూరం వెళ్లిన వాళ్లు మూసిన తలుపులు చూసి వెనుదిరగవలసి వచ్చింది. పుస్తకంలో తప్పు లేదు. నేను సగం నియమమే చదివాను. జపాన్‌లో సోమవారం సెలవు పాటించే చాలా మ్యూజియాలు, ఆ సోమవారం ప్రభుత్వ సెలవైతే జనం వస్తారని తెరిచి ఉంచి, బదులుగా మంగళవారం మూసేస్తాయి. పుస్తకంలో మ్యూజియం పేరు పక్కన చోటు తక్కువ కాబట్టి ‘సోమ. సెలవు’ అని మాత్రమే ఉంటుంది, మిగతా సగం చివరి పేజీల్లోని సాధారణ సమాచారంలో ఉంటుంది. పండుగ రోజున అన్నీ మూసి ఉంటాయనుకునే మన అలవాటు కూడా ఇక్కడ దారి తప్పిస్తుంది.

ఇది అరుదైన విషయం కాదు. జనవరి, అక్టోబరు నెలల్లో రెండో సోమవారం, జులై, సెప్టెంబరు నెలల్లో మూడో సోమవారం అక్కడ జాతీయ సెలవులు. ఇవి గాక, ఏ సెలవైనా ఆదివారం వస్తే మరుసటి రోజు కూడా సెలవిస్తారు. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు సెలవులు మార్చిలో 20 లేదా 21న, సెప్టెంబరులో 22 లేదా 23న వస్తాయి గనుక పోయిన ఏడాది క్యాలెండరు పనికిరాదు.

పరిష్కారం: చోట్లు ఎంచుకోకముందే, వెళ్లే సంవత్సరపు జపాన్ సెలవుల పట్టిక దగ్గర పెట్టుకుని మీ తేదీల్లో సెలవు సోమవారం ఉందేమో చూడండి. ఉంటే మ్యూజియాన్ని ఆ సోమవారానికే జరిపి, ఏడాది పొడవునా తెరిచి ఉండే సెన్సోజీ ఆలయం, మెయిజీ మందిరం వంటివాటిని మంగళవారానికి పెట్టండి. ఆ తరువాత ఒక్కో మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లోని నెలవారీ క్యాలెండరుతో సరిచూడండి. చివరి ప్రవేశం సాధారణంగా మూసే వేళకు అరగంట ముందే ఆగిపోతుందని కూడా అక్కడే కనిపిస్తుంది. డిసెంబరు చివరి రోజుల నుంచి జనవరి మొదటి రోజుల వరకు మాత్రం వారంలో ఏ రోజైనా చాలా మ్యూజియాలు మూసే ఉంటాయి.

తుపానుకు రైళ్లు ఆగడం, మరమ్మతుల కోసం ఒక భవనం మూసేయడం వంటివి ఎప్పుడో గానీ ఎదురుకావు. వాటి కోసం ఒక పూట ఖాళీగా ఉంచుకుంటే చాలు.