విశాఖపట్నంలో బస ఎక్కడ చూసుకోవాలి?

విశాఖపట్నం చూడటానికి వెళ్లేవారు గది వెతికేటప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న, సముద్రం కనిపిస్తుందా అని. ఆ కోరికలో తప్పేమీ లేదు గానీ, దానికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఉన్న మూడు నాలుగు రోజుల్లో ఏ రోజు తెల్లవారుజామున ఎక్కడ ఉండాలి, ఏ రాత్రి ఎంత పొద్దుపోయాక తిరిగి వస్తారు అన్నది ముందుగా ఒక కాగితం మీద రాసుకోవాలి. ఒకవైపు కొండలు, మరొకవైపు సముద్రం ఒత్తడం వల్ల ఈ నగరం నైరుతి నుంచి ఈశాన్యానికి పొడవుగా సాగింది. నైరుతి కొసన ఉన్న గాజువాక నుంచి ఈశాన్య కొసన ఉన్న భీమిలికి రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు ఉంటుంది. ఈ పొడవులో ఒక కొసన దిగి, రోజూ రెండో కొసకు తిరిగేవారి సెలవులు సగం ఆటోల్లోనే గడిచిపోతాయి.

చిరునామా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. హోటళ్ల ప్రకటనల్లో కనిపించే ‘బీచ్ రోడ్డు’ అన్న మాట ఒక పేటను సూచించదు. ఆ రోడ్డు పాత నగరం అంచున మొదలై ఆర్‌కే (రామకృష్ణ) బీచ్, లాసన్స్ బే, రుషికొండ మీదుగా భీమిలి దాకా పోతుంది కాబట్టి, బీచ్ రోడ్డు మీద ఉన్నామని చెప్పే రెండు హోటళ్ల మధ్య 20 కిలోమీటర్ల ఎడం కూడా ఉండవచ్చు. విశాఖవాసులు దారి చెప్పేటప్పుడు జంక్షన్లను బట్టి చెబుతారు. మీరు కూడా ఫోనులో ‘దగ్గరి జంక్షన్ ఏది’ అని అడిగి, జగదాంబా, సిరిపురమా, మద్దిలపాలెమా, హనుమంతవాకా అన్నది తెలుసుకుంటే గది నగరంలో ఎక్కడుందో సగం అర్థమైపోతుంది.

అరకు వెళ్లదలచినవారు ఆ ముందు రాత్రికి రైల్వే స్టేషన్‌కు దగ్గరలోనే ఉండటం మేలు. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు ఉదయం 7 గంటల లోపే బయలుదేరుతుంది. ఒకసారి మేము ముచ్చటపడి రుషికొండ వైపు గది తీసుకుని, మర్నాడు ఆ రైలు అందుకోవాలనుకున్నాము. ముందురోజే మాట్లాడుకున్న కారు రాలేదు, ఆ వేళప్పుడు రోడ్డు మీద ఆటో కనిపించలేదు. మా అమ్మ కాఫీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని హోటలు మెట్ల మీద కూర్చుని ఉండగానే రైలు వెళ్లిపోయే వేళ దాటింది. అప్పటినుంచి అరకు ఉన్న ప్రయాణంలో ఒక రాత్రిని దొండపర్తి, డాబాగార్డెన్స్, ద్వారకానగర్ ప్రాంతాలకు కేటాయిస్తున్నాను. ఇక్కడ సముద్రం కనిపించదు, వీధులు రద్దీగా ఉంటాయి, లాడ్జీలు అన్ని ధరల్లోనూ దొరుకుతాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ ద్వారకానగర్‌లోనే ఉండటంతో సింహాచలానికైనా, భీమిలికైనా, ఆర్‌కే బీచ్‌కైనా సిటీ బస్సు సులువుగా దొరుకుతుంది. టిక్కెట్టు తీసుకునేటప్పుడే చూసుకోవలసిన మరొక విషయం ఏమిటంటే, కొన్ని దూరప్రాంతపు రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలోనే ఆగి సాగిపోతాయి. దువ్వాడ గాజువాక అవతల ఉంది కాబట్టి అర్ధరాత్రి అక్కడ దిగేవారు నగరంలోకి వచ్చే బండిని ముందే ఏర్పాటు చేసుకోవాలి.

మొదటిసారి వచ్చేవారికి, ముఖ్యంగా రెండు రోజులే ఉండేవారికి, ఆర్‌కే బీచ్‌ను ఆనుకున్న పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, చినవాల్తేరు అనువైన చోట్లు. 2002 నుంచి సందర్శకులకు తెరిచి ఉంచిన కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా రోడ్డు దాటితే నౌకాదళపు పాత టీయూ-142 విమానం, ఇంకా కాళీమాత గుడి, విశాఖ మ్యూజియం అన్నీ నడిచి చూడగలిగినవే. కురుసురకు సోమవారం సెలవన్నది మరచిపోవద్దు. తెల్లవారుజామున ఈ రోడ్డు మీద కొంతసేపు వాహనాలను ఆపివేస్తారు, అప్పుడు పిల్లలూ పెద్దలూ రోడ్డు మధ్యనే తీరికగా నడుస్తుంటారు. నా దృష్టిలో ఈ ప్రాంతంలో ఉండటానికి ఆ ఒక్క గంట చాలినంత కారణం. సాయంత్రానికి పరిస్థితి పూర్తిగా మారిపోయి, ఆదివారమైతే మురీ మిక్చర్ బళ్లూ, బొమ్మలమ్మేవారూ, హారన్లూ కలిసి రాత్రి పది దాటినా సద్దుమణగదు. నిద్ర పలచనగా ఉండేవారు రోడ్డు మీది గదికి బదులు రెండు సందులు లోపల ఉన్నదాన్ని అడగాలి. నేవీ డే (డిసెంబరు 4) సందర్భపు నౌకాదళ విన్యాసాలు ఇక్కడ జరిగే వారంలో వాటి కోసం రోడ్లు మూసివేస్తారు. అవి చూడటానికే వచ్చేవారికి తప్ప మిగిలినవారికి ఆ వారం ఇక్కడి బస ఇబ్బందే.

సిరిపురం, వాల్తేరు అప్‌లాండ్స్‌లోని హోటళ్లు ‘బీచ్‌కు కాలినడక దూరం’ అని చెప్పుకుంటాయి. దూరం మాట నిజమే గానీ, అక్కడినుంచి సముద్రానికి దారి వాలుగా దిగుతుంది. వెళ్లేటప్పుడు హాయిగా ఉన్న ఆ వాలే, ఇసుక నిండిన చెప్పులతో ఉక్కపోతలో తిరిగివచ్చేటప్పుడు ఎక్కవలసిన ఎత్తవుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే ఆ దూరాన్ని నడకగా లెక్కించకండి.

కుటుంబంతో నాలుగైదు రోజులు ఉండేవారికి ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ మంచివని నేను సలహా ఇస్తాను. ఎంవీపీలో రైతు బజారు, మందుల దుకాణాలు, టిఫిను హోటళ్లు, వంటగది ఉన్న అద్దె ఫ్లాట్లు దొరుకుతాయి. కైలాసగిరి, తెన్నేటి పార్కు దగ్గరే. లాసన్స్ బే పక్కనే జోడుగుళ్లపాలెం, జాలారిపేట ఉండటం వల్ల కొన్ని వీధుల్లోకి ఎండుచేపల వాసన వస్తుంది. అది గిట్టనివారు ముందే విచారించుకోవాలి, గిట్టేవారు పొద్దున్నే పడవలు వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్లి తాజా చేపలు కొనుక్కోవచ్చు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలయ్యే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్ల దారి హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా ఈ పేటల పక్క నుంచే సాగుతుంది. ఆ రాత్రి లక్షలాది భక్తులు నడుస్తుండగా కారు కదలదు కాబట్టి మర్నాటి ఉదయానికి విమానం పెట్టుకోకండి.

సముద్రంలో దిగి స్నానం చేయాలన్నదే ప్రధాన ఉద్దేశమైతే ఆర్‌కే బీచ్ తగదు. అక్కడ ఒడ్డుకు దగ్గరలోనే లోతు పెరిగి, వెనక్కు మళ్లే అల మనిషిని లాగుతుంది. రుషికొండలో గుర్తించిన మేరలో, లైఫ్‌గార్డుల కంటి ముందు దిగవచ్చు. జంతు ప్రదర్శనశాల, తొట్లకొండ బౌద్ధ శిథిలాలు, ఎర్రమట్టి దిబ్బలు కూడా ఆ వైపే. అయితే రాత్రి భోజనానికి హోటలులో ఉన్నదే దిక్కు, నగరంలోకి వెళ్లిన ప్రతిసారీ బండి ఖర్చు. రెండు రాత్రులు కదలకుండా కూర్చోగలిగినవారికి రుషికొండ, ఆ మాత్రం సందడి కూడా వద్దనుకునేవారికి గోస్తని నది సముద్రంలో కలిసేచోట, పాత డచ్చి సమాధుల పక్కన నిదానంగా బతికే భీమిలి సరిపోతాయి. 

గాజువాక, ఎన్‌ఏడీ జంక్షన్ ప్రాంతాలు పని మీద వచ్చేవారికి తప్ప విహారానికి పనికిరావు. యారాడ బీచ్ విషయంలో చాలామంది పొరబడతారు. ఆర్‌కే బీచ్‌లో నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ చేయి చాస్తే అందేలా ఉంటుంది, దాని వెనకే యారాడ. మధ్యలో హార్బరు కాలువ అడ్డు కాబట్టి రోడ్డు మాత్రం చుట్టు తిరిగి కొండెక్కి దిగుతుంది. దానికోసం ఒక పూట విడిగా పెట్టుకోండి, బస మార్చనవసరం లేదు. పాత నగరంలోని బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి మార్గశిర గురువారాల్లో వచ్చేవారు మాత్రం పూర్ణామార్కెట్ పరిసరాల్లో దిగితే వేకువనే వరుసలో నిలబడగలుగుతారు.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఈ నగరం దగ్గరే. ఆ నెలల్లో తిరిగి డబ్బు ఇచ్చే షరతు లేని గదిని, ఎంత చవకైనా, తీసుకోవద్దు.

ఇవన్నీ తేలిన తరువాత సముద్రం సంగతి అడగండి. ఇక్కడి తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది కాబట్టి సముద్రపు కిటికీలోంచి సూర్యోదయం దొరుకుతుంది, సూర్యాస్తమయం కొండల వెనకాల జరుగుతుంది. ఉప్పుగాలికి కిటికీ గడియలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, అద్దం మీద తెల్లటి పొర కడుతుంది. కనుక కిటికీ తెరుచుకుంటుందా, ఏ అంతస్తు, కరెంటు పోతే ఏసీకి జనరేటరు ఉందా అని విడివిడిగా అడిగి, మీకు ఇవ్వబోయే గది కిటికీ ఫొటోను ఆ రోజే తీసి వాట్సాప్‌లో పంపమనండి. బాల్కనీ చివరిదాకా వెళ్లి మెడ చాపితే రెండు మేడల సందున కనిపించే నీలిగీతను కూడా ‘సీ వ్యూ’ కిందే లెక్కగట్టే హోటళ్లున్నాయి.