అమెరికాలో సొంతిల్లు – 4వ పాఠం: క్లోజింగ్ ఖర్చుల కాగితం చదవడం

పోయిన పాఠంలో ప్రీ-అప్రూవల్ (మీకు ఎంత అప్పు రావచ్చో ముందే చెప్పించుకోవడం) దాకా వచ్చాం. ఇల్లు నచ్చింది, అమ్మేవాళ్లు మీ ఆఫర్‌కి ఒప్పుకున్నారు అనుకుందాం. ఇక లెండర్ (అప్పిచ్చే సంస్థ) నుంచి లోన్ ఎస్టిమేట్ అనే మూడు పేజీల కాగితం వస్తుంది. క్లోజింగ్‌కి, అంటే సంతకాలై ఇల్లు మీ పేరుకి మారే రోజుకి, అయ్యే ఖర్చుల అంచనా అందులోనే ఉంటుంది. పేరు, ఆదాయం, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇంటి అడ్రసు, ఇంటి అంచనా విలువ, కావాల్సిన అప్పు. ఈ ఆరు వివరాలూ అందిన 3 పనిదినాల్లోపు లెండర్ దాన్ని పంపి తీరాలి. 2015 అక్టోబరు నుంచి అందరికీ ఒకటే ఫారం కాబట్టి ఒక్కటి చదవడం వస్తే అన్నీ వచ్చినట్టే.

ముందు ‘గవర్నమెంట్ లోన్’ సంగతి చూద్దాం. 1934లో మొదలైన ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ) మీకు అప్పు ఇవ్వదు. ఇచ్చేది మామూలు లెండరే. మీరు కట్టలేకపోతే లెండర్‌కి వచ్చే నష్టానికి ఎఫ్‌హెచ్‌ఏ బీమా ఇస్తుంది, ఆ బీమా ప్రీమియం మాత్రం మీ దగ్గరే వసూలు చేస్తారు. క్రెడిట్ స్కోరు 580 ఉంటే 3.5 శాతం డౌన్ పేమెంట్ సరిపోతుంది. సైన్యంలో చేసినవాళ్లకు వీఏ లోన్, పల్లె ప్రాంతాల్లో ఆదాయ పరిమితికి లోబడి కొనేవాళ్లకు యూఎస్‌డీఏ లోన్ ఉన్నాయి. ఈ రెండింటికీ డౌన్ పేమెంట్ అక్కర్లేదు గానీ, వాటికీ ముందస్తు ఫీజు ఉంది.

ఇక్కడ మనవాళ్లకు ముఖ్యమైన విషయం ఒకటుంది. 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ నియమం మారింది. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఆ లోన్ రాదు, గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పాత సలహాలే ఇంకా తిరుగుతున్నాయి. వీసా మీద ఉంటే కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ బీమా లేని మామూలు అప్పు) చూసుకోండి. కాగితం చదివే పద్ధతి దానికీ ఇదే.

ఒక లెక్క వేద్దాం. ఇంటి ధర 4,00,000 డాలర్లు. 3.5 శాతం అంటే 14,000 మీ చేతి నుంచి, మిగతా 3,86,000 అప్పు. దీని మీద ఎఫ్‌హెచ్‌ఏ ముందస్తు ప్రీమియం 1.75 శాతం, అంటే 6,755. చాలామంది దీన్ని అప్పులోనే కలిపేస్తారు, అప్పుడు లోన్ 3,92,755 అవుతుంది. ఇది కాక ఏడాదికి సుమారు 0.55 శాతం, అంటే నెలకు 177 డాలర్ల దాకా బీమా. డౌన్ పేమెంట్ 10 శాతం కంటే తక్కువైతే ఈ నెలవారీ బీమా లోన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కన్వెన్షనల్‌లో అలా కాదు. మిగిలిన అప్పు ఇంటి తొలి విలువలో 80 శాతానికి దిగితే బీమా తీసేయమని అడగొచ్చు, 78కి వస్తే దానంతట అదే పోతుంది. అందుకే స్కోరు బాగున్నవాళ్లు ఎఫ్‌హెచ్‌ఏ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు లోన్ ఎస్టిమేట్ రెండో పేజీ తీయండి. అసలు కథంతా ఇక్కడే. ఖర్చులు A నుంచి J దాకా అక్షరాల సెక్షన్లుగా ఉంటాయి. కింద జే దగ్గర మొత్తం క్లోజింగ్ ఖర్చు కనిపిస్తుంది. దాన్ని చూసి ‘ఈ లెండర్ చవక’ అనుకోవద్దు. ఆ అంకెలో మూడు రకాల డబ్బు కలిసిపోయి ఉంటుంది.

సెక్షన్ ఏ లెండర్ జేబులోకి పోయేది: ప్రాసెసింగ్, అండర్‌రైటింగ్ (మీకు అప్పు ఇవ్వొచ్చా లేదా అని పరిశీలించడం), పాయింట్లు (వడ్డీ రేటు తగ్గించుకోవడానికి ముందే కట్టేవి). ఒక పాయింటు అంటే అప్పులో 1 శాతం, మన లెక్కలో సుమారు 3,928. ‘మా రేటు తక్కువ’ అని గొప్పలు పోయే లెండర్ కాగితంలో పాయింట్ల వరస తప్పకుండా చూడండి, రేటు ఎందుకు తగ్గిందో అక్కడ తెలిసిపోతుంది. లెండర్లను పోల్చాల్సింది ముఖ్యంగా ఈ సెక్షన్‌లోనే. అదీ ఒకే రోజు, ఒకే రేటుకు తెప్పించుకున్న కాగితాలతో.

బీ, సీ వేరేవాళ్ల పనులకు కట్టేవి. అప్రైజల్ (ఇంటికి విలువ కట్టించడం), క్రెడిట్ రిపోర్టు బీలో ఉంటాయి, వాటికి మనిషిని ఎంచుకునేది లెండరే. ఎఫ్‌హెచ్‌ఏ వాళ్ల 6,755 కూడా ఇక్కడే పడుతుంది, చూసి కంగారు పడకండి. టైటిల్ (ఇంటి మీద హక్కుల పరిశీలన, బీమా), సర్వే లాంటివి సీలో ఉంటే మీరే వెతుక్కోవచ్చు. టెక్సస్‌లో మాత్రం టైటిల్ బీమా ప్రీమియం రాష్ట్రమే నిర్ణయిస్తుంది. అక్కడ బేరం ఆడాల్సింది ఎస్క్రో ఫీజు (క్లోజింగ్ జరిపించినందుకు టైటిల్ కంపెనీ తీసుకునేది) లాంటి చిల్లర ఖర్చుల మీద.

ఎఫ్, జీ సంగతి వేరు. ఇవి ఏ లెండర్ దగ్గరికి వెళ్లినా మీరు కట్టుకోవాల్సిన సొంత బిల్లులే: ఇంటి బీమా మొదటి ఏడాది ప్రీమియం, నెలాఖరు దాకా వడ్డీ, ఎస్క్రోలో (టాక్స్, బీమా కట్టడానికి మీ డబ్బు దాచి ఉంచే ఖాతాలో) వేసే ప్రాపర్టీ టాక్స్. ఒక లెండర్ టాక్స్‌ని తక్కువగా అంచనా వేస్తే అతని జే తగ్గి చవగ్గా కనిపిస్తాడు. మీరు కట్టే టాక్స్ మాత్రం తగ్గదు!

వడ్డీ చూడండి. 6.5 శాతం రేటుకు మన అప్పు మీద రోజుకు దాదాపు 70 డాలర్లు. జూన్ 5న క్లోజ్ చేస్తే 26 రోజులకు 1,820, జూన్ 25న అయితే 6 రోజులకు 420. రెండింటికీ మొదటి కిస్తీ ఆగస్టు 1నే. నెలాఖరులో క్లోజ్ చేస్తే 1,400 మిగిలిందని సంబరపడతారు గానీ, ఆ 20 రోజులు మీరు ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నారు కదా.

టెక్సస్‌లో డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు కొత్త ఇల్లు కొనేవాళ్లు జీ సెక్షన్ దగ్గర కాసేపు ఆగాలి. మొదటి ఏడాది కౌంటీ టాక్స్ తరచుగా ఖాళీ స్థలం మీదో, సగం కట్టిన ఇంటి మీదో పడుతుంది. ఎస్క్రో దాని ప్రకారం లెక్కేస్తే నెలవారీ కిస్తీ ముచ్చటగా ఉంటుంది. మరుసటి ఏడాది పూర్తి ఇంటి మీద టాక్స్ వస్తుంది. అప్పుడు ఎస్క్రోలో పడ్డ లోటు, పెరిగిన టాక్స్ రెండూ కలిసి కిస్తీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ‘పూర్తి విలువ మీద లెక్కవేసి ఇవ్వండి’ అని లెండర్‌ని ముందే అడగండి.

క్లోజింగ్‌కి కనీసం 3 పనిదినాల ముందు అయిదు పేజీల క్లోజింగ్ డిస్‌క్లోజర్ వస్తుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి. సరైన కారణం లేకుండా ‘ఏ’ (A) సెక్షన్ ఒక్క డాలరు కూడా పెరగకూడదు. రికార్డింగ్ (ఇంటి కాగితాల్ని ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కించే) ఫీజు, లెండర్ ఇచ్చిన జాబితాలోంచి మీరు ఎంచుకున్నవాళ్ల ఫీజులు అన్నీ కలిపి 10 శాతానికి మించి పెరగకూడదు. మించితే ఆ తేడా లెండరే భరించాలి. ఎఫ్, జీలకు అలాంటి హద్దు లేదు.

డబ్బు వైర్ చేసేముందు ఖాతా నంబరును టైటిల్ కంపెనీకి ఫోన్ చేసి సరిచూసుకోండి. ఈమెయిల్‌లో వచ్చిన ఫోన్ నంబరుకు చేయకండి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే చేయండి.

ఈ వారం అభ్యాసం: సీఎఫ్‌పీబీ (వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో నమూనా లోన్ ఎస్టిమేట్ ఉంది. రెండో పేజీ ప్రింట్ తీసి ఏకి ఎరుపు, బీ సీలకు నీలం, ఎఫ్ జీలకు ఆకుపచ్చ గీతలు గీయండి. ‘ఈ’ (E) సెక్షన్‌లోని ప్రభుత్వ ఫీజుల్నీ హెచ్‌లోని మిగతా ఖర్చుల్నీ ప్రస్తుతానికి వదిలేయండి. ఒక్కో రంగు మొత్తాన్ని విడిగా కూడి రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో అమ్మేవాళ్ల దగ్గర, బిల్డర్ దగ్గర క్రెడిట్ ఎలా అడగాలో చూసేటప్పుడు ఈ మూడు అంకెలతోనే పని.