చేసిన పని చేజారిపోకుండా: రోజూ కంప్యూటర్ వాడేవారికి కొన్ని మెలకువలు

కీబోర్డు కింది వరుసలో ఎడమ చివర జెడ్, ఎక్స్, సి, వి అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి. కంట్రోల్ కీతో కలిపి నొక్కితే వీటిలో మొదటిది చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది, రెండోది కట్ చేస్తుంది, మూడోది కాపీ తీస్తుంది, నాలుగోది పేస్ట్ చేస్తుంది. తెర మీది అక్షరాలను ఒకచోట కత్తిరించి మరోచోట అతికించే ఈ పద్ధతికి 1970లలో జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన లారీ టెస్లర్, ఆయన సహచరులు రూపమిచ్చారు. ఈ నాలుగింటిలో సి, వి లను మనం రోజంతా నొక్కుతూనే ఉంటాం గానీ, జెడ్‌ను మాత్రం టైపు చేసేటప్పుడు తప్పు దొర్లితేనే గుర్తు చేసుకుంటాం. అది అంతకంటే చాలా ఎక్కువ పనిచేస్తుంది.

కంప్యూటర్‌లో పోయాయని మనం బాధపడేవాటిలో చాలా భాగం నిజంగా పోయినవి కావు. అవి అందులోనే ఎక్కడో ఉంటాయి, ఎలా బయటికి తీయాలో మనకు తెలియదు, అంతే. మరికొన్ని మాత్రం పోయాక ఎవరి తరమూ కాదు. ఏది తిరిగి వస్తుందో, ఏది రాదో ముందే తెలిసి ఉంటే కంగారూ తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది. ఈ వ్యాసంలోని మెలకువలన్నీ ఆ ఉద్దేశంతో ఎంచుకున్నవే. ఇవి ప్రధానంగా విండోస్ వాడేవారి కోసం రాసినవి. మ్యాక్ వాడేవారు పైన చెప్పిన నాలుగు షార్ట్‌కట్‌లలో కంట్రోల్‌కు బదులు కమాండ్ కీ నొక్కాలి.

ఫోల్డర్ మాయమైనప్పుడు

మౌస్‌తో ఒక ఫోల్డర్ మీద నొక్కి, వేలు పూర్తిగా తీయకముందే చేయి కాస్త కదిలితే ఆ ఫోల్డర్ వెళ్లి పక్కనున్న మరో ఫోల్డర్‌లో పడుతుంది. చూసేవారికి అది కళ్లముందే మాయమైనట్లు ఉంటుంది. వైరస్ పట్టిందనో, ఎవరో తుడిచేశారనో అనుకునే ముందు, ఆ విండోలోనే ఒకసారి కంట్రోల్ + జెడ్ నొక్కండి. ఫోల్డర్లను తెరిచి చూపే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తరలింపు, పేరు మార్పు, రీసైకిల్ బిన్‌కు పంపడం వంటి పనులన్నీ ఈ షార్ట్‌కట్‌తో వెనక్కి వస్తాయి. అయితే ఇలాంటి పొరపాటు జరిగిన వెంటనే వాడితేనే ఇది సురక్షితం. మధ్యలో మరో నాలుగు పనులు చేసి ఉంటే, కంట్రోల్ + జెడ్ ముందు ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా తిప్పేస్తుంది.

ఇక్కడే ఇంకొక సంగతి తెలుసుకోవాలి. ఒక ఫైల్‌ను అదే డ్రైవ్‌లో మరో ఫోల్డర్‌లోకి లాగితే అది అక్కడికి తరలిపోతుంది. మరో డ్రైవ్‌లోకి, అంటే పెన్‌డ్రైవ్ వంటివాటిలోకి లాగితే అసలు ఫైల్ ఉన్నచోటే ఉండి కాపీ మాత్రం వెళుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఒకే ఫైల్ రెండు చోట్ల చేరి, ఒకచోట దిద్దినది మరోచోట దిద్దకుండా మిగిలిపోతూ ఉంటుంది. మౌస్ కుడి బటన్‌తో లాగి వదలడం నేర్చుకుంటే ఈ చిక్కు ఉండదు, ఎందుకంటే అప్పుడు కాపీ చేయాలా, తరలించాలా అని విండోసే అడుగుతుంది.

క్లిప్‌బోర్డ్‌కు జ్ఞాపకశక్తి

ఒక నివేదికలో మూడో పేజీలోని పేరాను ఏడో పేజీకి మార్చాలని కంట్రోల్ + ఎక్స్ నొక్కారనుకుందాం. అక్కడికి వెళ్లే దారిలో ఐదో పేజీలో ఒక పేరు తప్పుగా ఉందని గమనించి, సరైన పేరును వేరేచోటి నుంచి కాపీ చేసి సరిదిద్దారు. తీరా ఏడో పేజీకి చేరి కంట్రోల్ + వి నొక్కితే, పేరాకు బదులు ఆ పేరు వచ్చి పడుతుంది. కాపీ లేదా కట్ చేసినది పేస్ట్ చేసేవరకు ఉండే చోటును క్లిప్‌బోర్డ్ అంటారు. మామూలు క్లిప్‌బోర్డ్ ఒక్కసారికి ఒక్కదాన్నే పట్టుకుంటుంది కాబట్టి, కొత్తది రాగానే పాతది తొలగిపోతుంది. కంట్రోల్ + జెడ్ పదే పదే నొక్కి పేరాను వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, ఆ మధ్యలో చేసిన సవరణలు కూడా దానితో పాటే చెరిగిపోతాయి.

దీనికి సరైన మందు విండోస్ కీ + వి. 2018 అక్టోబరు అప్‌డేట్‌తో విండోస్ 10లోకి వచ్చిన ఈ సౌకర్యం, ఇటీవల కాపీ లేదా కట్ చేసిన 25 అంశాల వరకు ఒక జాబితాగా దాచిపెడుతుంది. విండోస్ కీని పట్టుకుని వి నొక్కితే ఆ జాబితా ఒక చిన్న పెట్టెలో తెరుచుకుంటుంది. పైన ఇటీవలి పేరు, దాని కింద మీరు కట్ చేసిన పేరా కనబడతాయి. పేరా మీద క్లిక్ చేస్తే చాలు, అది కర్సర్ ఉన్నచోట వచ్చి చేరుతుంది. కాకపోతే దీన్ని ముందుగా ఆన్ చేసి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆన్ చేయకముందు కాపీ చేసినవి ఈ జాబితాలో దొరకవు. కాబట్టి ఇది చదువుతున్నప్పుడే ఒకసారి విండోస్ కీ + వి నొక్కి, అది అడిగితే టర్న్ ఆన్ మీద క్లిక్ చేసేయండి.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే ఈ జాబితా ఖాళీ అవుతుంది. తరచుగా వాడే చిరునామా, సంతకం కింద రాసే వాక్యం వంటివి పక్కనున్న పిన్ గుర్తు నొక్కి నిలిపి ఉంచుకుంటే, అవి మాత్రం అలాగే ఉంటాయి. ఇదే కారణంగా జాగ్రత్త కూడా అవసరం. పాస్‌వర్డ్‌ను కాపీ చేస్తే అదీ ఈ జాబితాలో చేరవచ్చు. నలుగురూ వాడే కంప్యూటర్‌లో అయితే దీన్ని ఆన్ చేయకపోవడమే మేలు.

వెబ్‌పేజీ నుంచి కాపీ చేసినప్పుడు అక్షరాలతో పాటు వాటి రంగు, పరిమాణం కూడా వచ్చి మీ పత్రం రూపాన్ని చెడగొడుతుంటే, కంట్రోల్ + షిఫ్ట్ + వి నొక్కి చూడండి. బ్రౌజర్లలోను, మరెన్నో ప్రోగ్రాములలోను ఇది వట్టి అక్షరాలను మాత్రమే పేస్ట్ చేస్తుంది.

రాస్తున్నది ఆవిరి కాకుండా

కొన్నేళ్ల కిందట ఒక దరఖాస్తు కోసం వెబ్‌పేజీలోని పెట్టెలోనే గంటకు పైగా కూర్చుని సుదీర్ఘమైన వివరణ రాశాను. చివర పంపే బటన్ నొక్కగానే ఆ సైటు గడువు ముగిసిందని చెప్పి, మళ్లీ లాగిన్ కమ్మని అడిగింది. తిరిగి వచ్చి చూస్తే పెట్టె ఖాళీగా ఉంది. ఆ రోజు నుంచి నాలుగు వాక్యాలకు మించిన దేన్నీ నేను నేరుగా వెబ్‌పేజీలో రాయడం లేదు. నోట్‌ప్యాడ్‌లోనో, వర్డ్‌లోనో రాసి, సేవ్ చేసి, ఆ తర్వాతే పేస్ట్ చేస్తాను. అలా రాసి పెట్టుకోకపోయినా, పంపే బటన్ నొక్కే ముందు అంతటినీ ఎంచుకునే కంట్రోల్ + ఎ, ఆ వెంటనే కంట్రోల్ + సి నొక్కే అలవాటు ఉంటే చాలు, రాసినదంతా క్లిప్‌బోర్డ్‌లో భద్రంగా ఉంటుంది.

వర్డ్‌లో కొత్త పత్రం తెరిచినప్పుడు మొదటి వాక్యం రాయకముందే దానికి పేరు పెట్టి సేవ్ చేయడం మంచిది. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే ఆదుకునే ఆటోరికవర్ అనే ఏర్పాటు వర్డ్‌లో ఉంది గానీ, అది మామూలుగా 10 నిమిషాలకొకసారి మాత్రమే నమోదు చేస్తుంది. వేగంగా టైపు చేసేవారికి 10 నిమిషాలంటే ఒక పేజీ. ఫైల్ మెనూలో ఆప్షన్స్‌కు, అందులో సేవ్‌కు వెళ్లి ఈ వ్యవధిని 2 నిమిషాలకు తగ్గించుకోవచ్చు. పొరపాటున సేవ్ చేయకుండానే మూసేసినా వెంటనే ఆశ వదులుకోనక్కరలేదు. ఫైల్ మెనూలో ఇన్ఫో కింద, మేనేజ్ డాక్యుమెంట్ అన్నచోట సేవ్ చేయని పత్రాలను వెతికే మార్గం ఉంది.

బ్రౌజర్‌లో అవసరమైన ట్యాబ్‌ను పొరపాటున మూసేస్తే కంట్రోల్ + షిఫ్ట్ + టి నొక్కండి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఇది పనిచేస్తుంది. మళ్లీ మళ్లీ నొక్కితే అంతకుముందు మూసినవి కూడా వరుసగా తెరుచుకుంటాయి. ప్రైవేట్ విండోను మూసేస్తే అందులో చూసినవి మాత్రం ఇలా తిరిగి రావు.

తెర బిగుసుకుపోతే

తెర కదలకుండా ఆగిపోయిన వెంటనే పవర్ బటన్ మీదికి చేయి పోవడం సహజం. కానీ అది ఆఖరి మార్గంగానే ఉండాలి, ఎందుకంటే సేవ్ చేయనిదంతా ఆ ఒక్క నొక్కుతో పోతుంది. ముందు క్యాప్స్ లాక్ నొక్కి, దాని దీపం వెలిగి ఆరుతోందో లేదో చూడండి. దీపం స్పందిస్తోందంటే చాలావరకు కంప్యూటర్ బతికే ఉందని, ఏదో ఒక ప్రోగ్రాము మాత్రమే ఇరుక్కుందని అర్థం. అప్పుడు రెండు మూడు నిమిషాలు ఆగి, కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. స్పందించని ప్రోగ్రాము ఏదో గుర్తించి దాన్ని ఒక్కదాన్నే ఆపేస్తే మిగిలినవన్నీ క్షేమంగా ఉంటాయి. తెర నల్లబడిపోయి, కంప్యూటర్ శబ్దం మాత్రం వినబడుతుంటే విండోస్ కీ + కంట్రోల్ + షిఫ్ట్ + బి కలిపి నొక్కి చూడాలి. అది తెరకు సంబంధించిన గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మాత్రమే మళ్లీ మొదలుపెడుతుంది, తెరిచి ఉన్న పత్రాల జోలికి పోదు.

రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా కంప్యూటర్ నెమ్మదిగా ఉందని చాలామంది అంటూ ఉంటారు. టాస్క్ మేనేజర్‌లో పెర్‌ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ మీద క్లిక్ చేసి, అప్ టైమ్ అన్న అంకెను చూడండి. రాత్రి ఆపి ఉదయం తెరిచిన యంత్రంలో కూడా అది కొన్నిసార్లు రోజుల లెక్క చూపుతుంది. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఏర్పాటు ఇందుకు కారణం. షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా ముగించకుండా, ఉన్న స్థితిని డిస్క్‌లో రాసుకుని, మరుసటి రోజు అక్కడి నుంచే మొదలవుతుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటి నుంచి తాజాగా తెరుచుకుంటుంది. చిన్న చిన్న ఇబ్బందులు తలెత్తినప్పుడు షట్‌డౌన్ కంటే రీస్టార్టే ఎక్కువ ఉపయోగపడటానికి ఇదే కారణం.

పేరులో దొరకాలి

ఫైనల్, ఫైనల్ 2, అసలైన ఫైనల్ అని పేర్లు పెట్టిన ఫైళ్లలో ఏది చివరిదో వారం తర్వాత రాసినవారికే తెలియదు. పేరు మొదట్లో తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో, 2025-03-07 అన్నట్లు రాస్తే, పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. 1988లో వెలువడిన ఐఎస్‌ఓ 8601 అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ క్రమాన్నే నిర్దేశించింది. నెలకు, రోజుకు రెండంకెలు తప్పక ఉండాలి, లేకపోతే కొన్నిచోట్ల 10వ నెల 2వ నెలకు ముందు వచ్చి కూర్చుంటుంది. పేరు మార్చడానికి ఎఫ్2 కీ నొక్కి, ఒకటి పూర్తికాగానే ట్యాబ్ నొక్కితే కర్సర్ తర్వాతి ఫైల్ పేరు మీదికి వెళుతుంది. ఇలా ఇరవై ఫైళ్ల పేర్లు మార్చడానికి మౌస్ ముట్టుకోనవసరం లేదు.

పేరు చివర చుక్క తర్వాత ఉండి, అది ఏ రకం ఫైలో తెలిపే ఎక్స్‌టెన్షన్‌ను విండోస్ మామూలుగా దాచి ఉంచుతుంది. ఇది మోసానికి దారి తీస్తుంది. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ఐ లవ్ యూ వైరస్, లవ్ లెటర్ ఫర్ యూ డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్ అనే పేరుతో ఈమెయిల్‌లో వచ్చింది. తెరిస్తే ప్రోగ్రాములా నడిచే ఫైల్ అని తెలిపే చివరి వీబీఎస్ చాలామందికి కనబడకపోవడంతో, అది మామూలు అక్షరాల ఫైల్ అనుకుని తెరిచారు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌ను ఆన్ చేసుకుంటే, పీడీఎఫ్ వేషంలో వచ్చిన ఈఎక్స్‌ఈ ఫైల్, అంటే ప్రోగ్రాము, అసలు రూపంతో కనబడుతుంది. విండోస్ 11లో అయితే వ్యూలోనే షో అన్నచోట ఇది ఉంటుంది.

నిజంగా పోయేవి

రీసైకిల్ బిన్‌లో ఉన్నవి తిరిగి వస్తాయి. షిఫ్ట్ + డిలీట్‌తో తుడిచినవి, పెన్‌డ్రైవ్ నుంచి తుడిచినవి మామూలుగా ఆ బిన్‌కు వెళ్లవు. పాత తరహా హార్డ్ డిస్క్‌లోనో, మెమరీ కార్డులోనో ఫైల్ తుడిచేసినప్పుడు, దాని స్థానంలో కొత్తది రాసేవరకు లోపలి సమాచారం సాధారణంగా అలాగే ఉంటుంది. అందువల్ల పొరపాటు తెలిసిన క్షణమే దాన్ని వాడటం ఆపేయాలి. ఫైళ్లను వెలికితీసే ప్రోగ్రామును అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేస్తే, వెతుకుతున్న దాని మీదనే రాసినట్లు కావచ్చు. కొత్త తరహా డిస్క్‌లైన ఎస్‌ఎస్‌డీలలో పరిస్థితి ఇంకా కఠినం. ఖాళీ అయిన చోటును ఎస్‌ఎస్‌డీకి తెలియజేసే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, తుడిచిన సమాచారం త్వరగానే శాశ్వతంగా పోతుంది.

కాబట్టి ముఖ్యమైన ఫైళ్లకు బ్యాకప్ ఉండి తీరాలి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ప్రదేశంలో అనే 3-2-1 పద్ధతి వృత్తి నిపుణులు పాటించేదే అయినా, ఇంట్లో కూడా సులభంగా అమలవుతుంది. కంప్యూటర్‌లో ఉన్నది ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంటర్నెట్ ద్వారా దాచుకునే క్లౌడ్‌లో ఒకటి ఉంటే సరిపోతుంది. క్లౌడ్ ఫోల్డర్ ఒక్కటే ఉంటే దాన్ని బ్యాకప్ అనుకోకూడదు. అది కంప్యూటర్‌కు అద్దం వంటిది. ఇక్కడ ఒక ఫైల్ తుడిస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది, తుడిచినవాటిని ఆ సేవ కొంతకాలం దాచి ఉంచితే తప్ప. బయటి డిస్క్‌ను కూడా కాపీ పూర్తికాగానే విడదీసి పెట్టాలి, ఎందుకంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్, ఆ సమయంలో తగిలించి ఉన్న డిస్క్‌లను కూడా వదలదు.

బ్యాకప్ తీశాక దాన్ని ఒకసారి పరీక్షించండి. ఎప్పుడో తీసిన ఒక ఫోటోనో, పోయిన ఏడాది రాసిన ఒక పత్రాన్నో ఎంచుకుని, బయటి డిస్క్ నుంచి డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి తెరవండి. ఫోటో పూర్తిగా, పత్రం చివరి పేజీ వరకు సరిగా తెరుచుకుంటే ఆ డిస్క్ మీద తేదీ రాసిన చీటీ అతికించి, మళ్లీ ఎప్పుడు తీయాలో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.