చేపల వేటలో మనిషి పోతే సంఘం ద్వారా బీమా క్లెయిము ఎలా చేయాలి?

మా ఊరి చెరువు మత్స్యకారుల సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శిగా చేశాను. "అన్నా, బీమా వస్తదా?" అని ఫోన్ చేసేవాళ్లలో సగం మంది దినాలు కూడా అయిపోయాక చేస్తారు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. సభ్యుల పేర్లు, ఆధార్, నామినీ వివరాలు ఏటా జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి పంపండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన బీమాకు 18 నుంచి 70 ఏళ్ల మత్స్యకారులు అర్హులు. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి, మన జేబులోంచి పైసా పోదు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షలు. శాశ్వతంగా పాక్షిక వైకల్యం వస్తే రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల వరకు. మా దగ్గర పేర్లు సంఘం జాబితాతోనే పోతాయి కాబట్టి, "నాకు సంఘంతో పనేంది, నా వల నాది" అని ఒంటరిగా తిరిగేవాళ్లకు చెప్పేది ఒకటే, ముందు సభ్యత్వం తీసుకోండి.

సభ్యుల రిజిస్టరు కుట్టిన పుస్తకమే అయి ఉండాలి, విడి కాగితాలు పనికిరావు. రేషన్ కార్డులో మల్లయ్య, ఆధార్‌లో మల్లేశం అని ఉంటే ఇవాళే సరిచేయించండి.

ఇక అసలు చిక్కు. థర్మాకోల్ తెప్ప బోల్తా పడి మనిషి మునిగాడనుకోండి. శవం గట్టుకు చేరగానే పెద్దమనుషులు "పోయినోడు ఎట్లాగూ పోయిండు, ఇంక కోయించి బాధపెట్టుడు ఎందుకు" అంటారు. ఇంటివాళ్లు ఏడుస్తూ తల ఊపుతారు. సాయంత్రానికల్లా మట్టిలో పెట్టేస్తారు. చిక్కేమిటంటే, మనది కేవలం ప్రమాద బీమా, మామూలు చావుకు రాదు. పోస్ట్‌మార్టం రిపోర్టు లేకపోతే అతను నీళ్లలో మునిగి పోయాడా, గుండె ఆగి పోయాడా అన్నది కాగితం మీద చూపలేం. మా సంఘంలో ఒక కుటుంబం ఇలాగే నష్టపోయింది. ఆ రోజు గట్టు మీద నేనూ ఉన్నాను, గట్టిగా చెప్పలేకపోయాను.

అందుకే శవాన్ని కదిలించకముందే పోలీసులకు ఫోన్ చేయండి. ఆ ఫోన్ సంఘం అధ్యక్షుడో కార్యదర్శో చేయాలి, ఇంటివాళ్ల మీద వదిలేయకూడదు. పంచనామా రాసేటప్పుడు పక్కనే నిలబడండి. "ప్రమాదవశాత్తు చెరువులో పడి" అని రాసి ముగించే అలవాటు ఉంటుంది. అలా రాస్తే స్నానానికి దిగాడో, గేదెను కడుగుతూ జారాడో ఎవరికి తెలుస్తుంది? నిజంగా వేటకే వెళ్లి ఉంటే "చేపల వేటకు వెళ్లి, వల కాళ్లకు చుట్టుకొని" అన్నట్టు జరిగింది జరిగినట్టే రాయమని మర్యాదగా అడగండి. జరగనిది మాత్రం రాయించొద్దు, తర్వాత విచారణలో అదే మెడకు చుట్టుకుంటుంది. తెప్పను, వలను అక్కడే ఉంచి ఫోటోలు తీయండి. చాలామంది వల ఖరీదు గుర్తొచ్చి దాన్ని ముందే ఇంటికి పట్టుకుపోతారు!

ఇదయ్యాక మిగతాదంతా తిరుగుడే. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకలు, అతను మా సభ్యుడే అని సంఘం తీర్మానం. తీర్మానం చేతిరాతతోనే ఉండాలని నా పట్టు. టైపు చేయించినదాన్ని చూస్తే అదేదో తర్వాత పుట్టించినట్టు కనిపిస్తుంది. అన్నీ మూడు సెట్లు తీయండి.

"నేను పైసలు ఇప్పిస్తా, పది శాతం ఇయ్యండి" అని ఇంటి చుట్టూ తిరిగేవాళ్లు వస్తారు, గడప తొక్కనీయొద్దు. వాళ్లు తీసుకెళ్లేదీ ఇవే కాగితాలు, ఇచ్చేదీ అదే మత్స్యశాఖ కార్యాలయంలో. నామినీని వెంటబెట్టుకొని సంఘం నుంచి ఇద్దరు వెళ్లండి. ఒక్కరు పోతే "రేపు రా" అంటారు. మన దగ్గర ఉంచుకునే సెట్టు మీద తేదీతో ముద్ర వేయించుకునేదాకా కుర్చీలోంచి లేవొద్దు.