చవక పిస్టల్ మొరాయిస్తే లోపం తుపాకీదా, చేతిదా? ఎలా తేల్చుకోవాలి

కొత్త చవక పిస్టల్ రెండుసార్లు ఇరుక్కుంటే కొన్నవాడు ‘డొక్కు సరుకు’ అంటాడు, అమ్మినవాడు ‘నీకు పట్టుకోవడం రాదు’ అంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుండే ఫిర్యాదులు చాలానే ఉంటాయి. మద్దెల నిజంగా ఓడైనవీ ఉంటాయి. తేల్చుకోవాలంటే పిస్టల్, మ్యాగజైన్, తూటా, చెయ్యి అనే నాలుగింటిలో ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి. దేన్ని మారిస్తే తంటా ఆగిందో తప్పు దానిది.

ఈ పరీక్షలన్నీ షూటింగ్ రేంజ్‌లోనే చేయాలి. తూటా పేలకపోతే కనీసం 30 సెకన్లు గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచండి, ప్రైమర్ (తూటా అడుగున ఉండే, దెబ్బ తగిలితే నిప్పంటించే బిళ్ల) ఆలస్యంగా అంటుకోవచ్చు. చప్పుడు ‘తుస్సు’మంటే మరో తూటా కాల్చొద్దు. బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోయి ఉంటే వెనకాల వచ్చేది గొట్టాన్ని చీల్చేస్తుంది.

1. శుభ్రం చేయండి. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే అర) ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాకే విప్పండి. ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు తుప్పు పట్టకుండా పూసింది కావచ్చు, దాన్ని తుడిచేసి స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకూ కదిలే పైభాగం) జారే పట్టాల మీద ఒక్కో చుక్క నూనె వేయండి. ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను కొట్టే సూది) దారి మాత్రం పొడిగా ఉండాలి. అక్కడ నూనె చేరితే మురికి పట్టి పిన్ మెల్లగా కొడుతుంది, నింద స్ప్రింగ్ మీద పడుతుంది.

2. మ్యాగజైన్లకు 1, 2, 3 అని నంబర్లు వేయండి. ఇరుక్కున్న ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఏమైంది అన్నది రాసుకోండి. తంటా ఒక్క రెండో నంబరుతోనే వస్తుంటే దాని పై అంచులు వంగాయో, స్ప్రింగ్ బలహీనపడిందో చూడాలి. ‘పిస్టల్ లోపం’గా ప్రచారమయ్యేవాటిలో ఇలాంటివి తక్కువేం కాదు.

3. తూటాలు మార్చండి. 9 ఎంఎం అయితే రెండు కంపెనీల గుండ్రటి మొన తూటాలు, బుల్లెట్ బరువు ఒకదానిది 115 గ్రెయిన్లు, మరొకదానిది 124 గ్రెయిన్లు, చెరో 50. ఇంట్లో నింపినవి వద్దు. పేలని తూటా ప్రైమర్ మీద గుంట చూడండి. లోతుగా ఉంటే అనుమానం తూటా మీదకి, పైపైనే ఉంటే పిన్ మీదకి పోతుంది. రెండో దెబ్బకు పేలితే ప్రైమర్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు, అలాగైతే మొదటి దెబ్బ బలం దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోయి ఉంటుంది.

4. ఇక చెయ్యి. స్లైడ్ పూర్తిగా వెనక్కి పోవాలంటే ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) కదలకుండా నిలబడాలి. మణికట్టు సడలితే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తోపాటు వెనక్కి పోతుంది, ఖాళీ కేసు (తూటా తొడుగు) అది బయటపడే కిటికీలో నిటారుగా ఇరుక్కుంటుంది. పిస్టల్ ఎంత తేలికైతే ఈ బాధ అంత ఎక్కువ, చవకవాటిలో చిన్నవీ తేలికవీ బోలెడు. ఆఖరి తూటా తర్వాత స్లైడ్ వెనక నిలవకపోతే బొటనవేలు స్లైడ్ స్టాప్‌ను (స్లైడ్‌ను వెనక ఆపే మీటను) నొక్కుతోందేమో చూసుకోండి. తూటాలుండగానే నిలిచిపోతే అదే వేలు దాన్ని పైకి నెడుతూ ఉండొచ్చు. కుడిచేతి వాటం వాళ్ల గుళ్లు కింద ఎడమ వైపుకు పోతే చాలామటుకు ట్రిగ్గర్ గుంజడమే. ఇసుక సంచి మీద ఆనించి కాల్చండి. గుళ్లు ఒకేచోట, కానీ పక్కకు పడితే సైట్లు సరిచేయాలి.

చివరగా అదే పిస్టల్, అదే మ్యాగజైన్, అదే తూటాలు అనుభవమున్నవారికిచ్చి 50 కాల్పించండి. వాళ్లకు సాఫీగా సాగితే దిద్దుకోవాల్సింది పట్టునే. ఒక చిక్కుంది, మహా గట్టి పట్టు చిన్న లోపాన్ని కప్పేయగలదు. అందుకే పది ఒంటిచేత్తో కాల్చమనండి.

చేతులు, మ్యాగజైన్లు, తూటాలు అన్నీ మారినా 200 తూటాల తర్వాత కూడా అదే తంటా వస్తుంటే లోపం పిస్టల్‌దే. ఖాళీ కేసు ఛాంబర్‌లోనే ఉండిపోతే దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం విరిగిందేమో చూడండి. ట్రిగ్గర్ ముట్టకుండా పేలినా, ఒక్క నొక్కుకు రెండు పేలినా ఇక పరీక్షలు వద్దు, తూటాలు తీసేసి కంపెనీకి పంపండి. సీరియల్ నంబర్ రీకాల్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. రూగర్ ఎల్‌సీపీని 2008లో, రెమింగ్టన్ ఆర్51ను 2014లో తయారీదారులే వెనక్కి పిలిచారు, వాటి విషయంలో తప్పు చేతులది కాదు.

పంపేటప్పుడు రాసుకున్న పట్టికా, పేలని తూటా వివరాలూ జతచేయండి. స్ప్రింగ్ కత్తిరించడం, ర్యాంప్ (తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలు) అరగదీయడం లాంటి ఇంటి వైద్యం చేస్తే వారంటీ పోవచ్చు, అసలు లోపం ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లూ చెరిగిపోతాయి.