ఇంట్లో తొలి రీఫ్ ట్యాంక్: లక్షణం, కారణం, పరిష్కారం

చేపలతో పాటు పగడాలనూ పెంచే ఉప్పునీటి ట్యాంక్‌లో చిన్న తేడా కనిపించగానే చేయి సీసా మీదికి పోతుంది. నాచుకు ఒక సీసా, నీళ్లు తేటపడడానికి ఒకటి, పగడాలు విచ్చుకోవడానికి ఇంకొకటి. దుకాణం నిండా అవే. అరవై, డెబ్బై లీటర్ల ట్యాంక్‌లో చాలా కష్టాలు ఈ సీసాలు తెచ్చిపెట్టేవే. అందుకని కింద చెప్పే ఏ లక్షణం కనిపించినా ముందు మూడు కొలతలు తీయండి: నీటి వేడి, ఉప్పదనం, అమ్మోనియా. వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఉప్పదనం వెయ్యికి 35 పాళ్లు, అంటే రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పదనం కొలిచే పరికరం) సాంద్రత సుమారు 1.026. అమ్మోనియా సున్నా. ఈ మూడూ సరిగ్గా ఉంటే మిగతాది తీరిగ్గా ఆలోచించవచ్చు. లేకుంటే మరే వైద్యం చేసినా దండగే.

నీళ్లు తెల్లగా, మసకగా ఉన్నాయి

ట్యాంక్ నింపిన రోజే అలా ఉంటే అది ఇసుక దుమ్ము. ఫిల్టర్‌లో దూది పెట్టి, అది మాసినప్పుడల్లా మారుస్తూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది.

వారం, పది రోజుల తర్వాత ఉన్నట్టుండి పాలనీళ్లలా మారితే అది బాక్టీరియా ఉప్పెన. ఎక్కువైన మేతో, చచ్చిన నత్తో కుళ్లి వాటికి ఆహారమైందన్నమాట. ఈ బాక్టీరియా చేపలకు హాని చేయదు గాని నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. మేత ఆపి, పంపును నీటి ఉపరితలం కదిలేలా పైకి తిప్పి, ఓపిక పట్టండి.

మూడోది ఉప్పు కలిపే తీరులో ఉంది. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున ద్రావణం చిక్కబడి, కాల్షియం తెల్లని పొడిగా విరిగిపోతుంది. ఆ పొడి మళ్లీ కరగదు. ముందు బకెట్‌లో నీళ్లు పోసి, పంపు తిరుగుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా వేయాలి. బ్రాండును బట్టి ఇరవై లీటర్లకు 700 నుంచి 800 గ్రాములు పడుతుంది. ఒక రోజు కలియనిచ్చి, కొలిచి, ఆ తర్వాతే ట్యాంక్‌లో పోయాలి. కిరాణా కొట్టు కళ్లుప్పు దీనికి పనికిరాదు. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పగడానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్ అందులో తగినంత ఉండవు.

చేప పైకి వచ్చి నోరు తెరుస్తోంది

కొత్త ట్యాంక్ అయితే మొదటి అనుమానం అమ్మోనియా మీదే. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి అదే మోతాదు అమ్మోనియా మంచినీటి ట్యాంక్‌లో కంటే ఇక్కడ ఎక్కువ విషం. వెంటనే సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్ల వేడి, ఉప్పదనం పాత నీళ్లతో సమానంగా ఉండాలి. రెండు రోజులు మేత వేయకండి. మేత లేకపోతే చేప చస్తుందని భయపడనక్కరలేదు. ఒక్క సీసాకు మాత్రం ఇక్కడ చోటుంది, అది బతికున్న బాక్టీరియా సీసా.

అసలు చేపను పెట్టి బాక్టీరియాను పెంచే పద్ధతి మానుకోవడం మంచిది. ఖాళీ ట్యాంక్‌లో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేలా శుద్ధమైన అమ్మోనియా ద్రావణం వేసి, ఒక రోజులో అది, దాని వెంట నైట్రైట్ రెండూ మాయమయ్యే దాకా ఆగండి. తర్వాత చేప.

అమ్మోనియా సున్నా ఉన్నా చేప రొప్పుతోందంటే ప్రాణవాయువు తక్కువైంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. దానికి తోడు కరెంటు పోయి పంపు ఆగితే గంటల్లోనే పరిస్థితి చేయి దాటుతుంది. ఇన్వర్టర్ మీద లైటు పెట్టనక్కరలేదు, హీటర్ అసలే వద్దు, ట్యాంక్‌లో నీటిని కదిలించే వేవ్ పంపు ఒక్కటి చాలు. దానికి పట్టే కరెంటు కొద్ది వాట్లే. ఇన్వర్టర్ లేని ఇంట్లో బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ట్యాంక్ పక్కనే పెట్టుకోండి.

ఈ రెండూ కాకపోతే ఇంట్లోవాళ్లను ఒక మాట అడగండి: బొద్దింకల మందు కొట్టారా, దోమల చుట్ట ముట్టించారా, కొత్తగా రంగులు వేయించారా? దోమల, బొద్దింకల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు అతి తక్కువ మోతాదులోనే విషం. గాలి పంపు గదిలోని గాలినే నీళ్లలోకి తోస్తుంది కదా. సాంబ్రాణి పొగ కూడా ఆ గదిలో వద్దు. కారణం ఇదే అనిపిస్తే యాక్టివేటెడ్ కార్బన్ వేసి, నీళ్లు మార్చండి.

మధ్యాహ్నం పగడాలు ముడుచుకుని, పొద్దున మామూలుగా ఉంటున్నాయి

ఇది మన ఎండాకాలపు జబ్బు. పుస్తకాల్లో హీటర్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. హైదరాబాదులో హీటర్ పని డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే, విజయవాడలో అదీ అంతంత మాత్రమే. మనకు కావలసింది నీళ్లు చల్లబరిచే ఉపాయం.

సాయంత్రం నాలుగింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వేడి కొలిచి రాసుకోండి. రెంటి మధ్య మూడు డిగ్రీలు తేడా ఉంటే పగడానికి అదే శిక్ష. నీళ్లు 30 దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే పగడం తన కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలను (కంటికి కనిపించని నాచు కణాలను) బయటికి నెట్టేస్తుంది. రంగు, ఆహారం రెండూ వాటివే కాబట్టి పగడం తెల్లబడి, ఆకలితో క్షీణిస్తుంది. తెల్లబడిన పగడం అప్పుడే చచ్చిపోలేదు. వేడి తగ్గించి, వెలుతురు సగానికి తగ్గిస్తే కోలుకునే అవకాశం ఉంది.

ముందుగా గాజు మూత తీసి వల కప్పండి. తర్వాత నీటి మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాను బిగించండి. నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. తెలంగాణ పొడి ఎండలో దీనితో మూడు, నాలుగు డిగ్రీలు తగ్గించవచ్చు. విశాఖ, కాకినాడల్లో ఉక్క గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, అక్కడ ఫ్యానుతో ఒరిగేది తక్కువ. అలాంటి చోట చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొనాలి, లేదా రోజంతా ఏసీ నడిచే గదిలో ట్యాంక్ పెట్టుకోవాలి. చిల్లర్ తీసిన వేడి అదే గదిలోకి వదులుతుంది, దాన్ని స్టాండు కింద తలుపు మూసి పెడితే ఫలితం ఉండదు. లైట్లు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా వెలిగించినా కొంత లాభమే. ఐసు సీసాలు వేయడం ఆపదలో సరే గాని రోజూ చేయవద్దు. రోజుకోసారి 29 నుంచి 25కి పడే నీళ్ల కన్నా నిలకడగా 28 ఉండే నీళ్లు నయం.

ఫ్యాను పెట్టాక ఇంకో తలనొప్పి మొదలవుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అరవై లీటర్ల ట్యాంక్‌లో రోజుకు రెండు లీటర్లు పోతున్నాయనుకోండి. మూడు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నీళ్లు 54 లీటర్లే ఉంటాయి, 35 ఉన్న ఉప్పదనం దాదాపు 39 అవుతుంది. పోయినచోట ఉప్పునీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. పోయాల్సింది శుద్ధమైన మంచినీళ్లు. ట్యాంక్ గాజు మీద మార్కరుతో గీత గీసి, పొద్దున్నే ఆ గీత దాకా నింపడం మొదటి నెల నుంచే అలవాటు చేసుకోవాలి. వీలైతే నీటిమట్టం చూసి తనంతట తానే నింపే ఫ్లోట్ పరికరం కొనండి. నా లెక్కలో మొదట కొనాల్సింది అదే, ఖరీదైన లైటు తర్వాత. ఉప్పదనం ఇప్పటికే పెరిగిపోయి ఉంటే ఆరు లీటర్లూ ఒకేసారి కుమ్మరించకుండా రెండు మూడు రోజుల్లో దించండి.

రిఫ్రాక్టోమీటర్‌ను కూడా అనుమానించాలి. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేసినా 35 దగ్గర తప్పు చూపవచ్చు. 35 పాళ్ల ద్రావణం విడిగా దొరుకుతుంది, దానితోనే సరిచేయాలి.

గోధుమరంగు, పచ్చ, ఎరుపు: నాచుల గోల

మొదటి రెండు నెలల్లో ఇసుక మీద పలుచని గోధుమరంగు పొడిలా కనిపించేవి అతిసూక్ష్మమైన నాచు కణాలు, డయాటమ్‌లు. వేలితో తుడిస్తే పోతాయి. వీటికి కావలసిన సిలికా కొళాయి నీళ్లలో, బోరు నీళ్లలో దండిగా దొరుకుతుంది.

నీళ్ల విషయంలో మన ఇళ్లలో ఒక భ్రమ ఉంది: వంటింటి ఆర్వో నీళ్లు శుద్ధమైనవని. తాగడానికి శుద్ధమే. అయితే చాలా యంత్రాల్లో రుచి కోసం పచ్చినీళ్లు కొంత కలిపే మర, లేదా ఖనిజాలు చేర్చే గొట్టం ఉంటుంది. జేబులో పట్టే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ముంచి చూడండి. యాభయ్యో, వందో చూపిస్తే ఆ నీళ్లు ట్యాంక్‌కు వద్దు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లనూ కొలవకుండా నమ్మకండి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి బిగిస్తే మీటరు సున్నా చూపుతుంది. అంకె ఒకటో రెండో చూపడం మొదలుపెట్టగానే రెజిన్ మార్చాలి. నీళ్ల మూలం సరైతే డయాటమ్‌లు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి.

సముద్రం పక్కనే ఉంది కదా, క్యాన్లతో తెచ్చుకుంటే సరిపోదా అని విశాఖవాసులు అడుగుతారు. ఒడ్డు దగ్గరి నీళ్లలో మురుగు, ఓడరేవు నూనె, బురద ఉంటాయి. పైగా వానాకాలం వెళ్లాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీటితో ఆంధ్ర తీరం వెంబడి పై నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. జనవరి నీళ్లూ నవంబరు నీళ్లూ ఒకటి కావు. మొదటి ట్యాంక్‌కు ప్యాకెట్ ఉప్పే నయం.

గోధుమరంగే గాని జిగటగా, తీగలు సాగుతూ, తీగల చివర గాలి బుడగలు పట్టుకుని ఉంటే అవి డయాటమ్‌లు కావు, నీటిలో ఈదే వేరే సూక్ష్మజీవులు, డైనోఫ్లాజెలేట్‌లు. రాత్రి తగ్గి, లైటు పడ్డాక తిరిగి పేరుకుంటాయి. ఖాయం చేసుకోవడానికి కొంచెం తీసి చిన్న సీసాలో గట్టిగా కుదిపి, కాగితం ఫిల్టర్‌లో వడగట్టి, ఆ నీళ్లను గంటసేపు వెలుతురులో ఉంచండి. తిరిగి ముద్దకట్టి తీగలు సాగితే అవే. నాచు కదా అని నీళ్లు ఇంకా శుభ్రం చేస్తారు చాలామంది. అది నిప్పులో నెయ్యి పోయడమే, ఎందుకంటే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయిన ట్యాంక్‌లోనే ఇవి రాజ్యమేలుతాయి. నీళ్ల మార్పిడి ఆపండి, మేత కాస్త పెంచండి. లీటరుకు నైట్రేట్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య నిలిపితే పోటీ జీవులు పెరిగి వీటిని అణచివేస్తాయి. వారాలు పడుతుంది.

ఎర్రటి పొరలా పరుచుకుని, గొట్టంతో లాగితే చాపలా ఊడివచ్చేది నాచులా కనిపించే బాక్టీరియా, సయనోబాక్టీరియా. ప్రవాహం తగలని మూలల్లో, మేత పేరుకునే చోట వస్తుంది. లాగేసి, పంపు దిశ మార్చండి. గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ నీళ్లు పారబోసి, ముక్కలే వేయండి. యాంటీబయాటిక్ వేస్తే రెండు రోజుల్లో పోతుంది గాని మూల కారణం అక్కడే ఉండి మళ్లీ తెస్తుంది. వెంట్రుకల్లాంటి పచ్చ నాచుకు ఫాస్ఫేట్ కారణం: చేత్తో పీకండి, లైటు ఎనిమిది గంటలకు మించకుండా చూడండి, నత్తలు వదలండి.

కొత్త పగడం విచ్చుకోవడం లేదు

కొని తెచ్చి రెండు రోజులైతే ఏమీ చేయకండి. జోయాంతిడ్‌లు (పువ్వుల గుత్తుల్లా పెరిగే పగడాల బంధువులు) వారం దాకా, లెదర్ కోరల్ (తోలులాంటి మెత్తటి పగడం) అంతకన్నా ఎక్కువ కాలం ముడుచుకుని ఉండవచ్చు. లెదర్ మీద మైనంలాంటి పొర కనిపిస్తే అది దాని పాత చర్మం, ప్రవాహం కాస్త పెంచితే రాలిపోతుంది. వారం దాటినా అలాగే ఉంటే లైటు తీక్షణత చూడండి. ఎల్ఈడీని మూడో వంతుతో మొదలుపెట్టి, నెల రోజుల్లో పెంచాలి. క్షారత (నీళ్లలోని బైకార్బనేట్ మోతాదు) 8, 9 డీకేహెచ్ (దాని కొలమానం) మధ్య కదలకుండా ఉండాలి, అంకె కన్నా నిలకడ ముఖ్యం. మెత్తటి పగడాలే ఉన్న చిన్న ట్యాంక్‌కు కాల్షియం సీసాల అవసరమే రాదు, వారానికి పది శాతం నీళ్లు మారిస్తే చాలు.

గట్టి పగడాల జోలికి ఎలాగూ పోవద్దు, దానికి కారణం కష్టం ఒక్కటే కాదు. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్‌లలో దొరికే గట్టి పగడాలన్నిటికీ, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ పగడాలకూ, సముద్ర గుర్రాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో మొదటి షెడ్యూల్ రక్షణ (అన్నిటికన్నా కఠినమైనది) ఇచ్చారు. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే రాయి చాలాసార్లు పగడపు అస్థిపంజరమే. సెరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన రాయి కొనండి. చేపలోనూ హేచరీలో (చేపపిల్లలను పుట్టించి పెంచే కేంద్రంలో) పుట్టినదాన్నే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించింది. అలాంటి చేప గుళికల మేత తొందరగా అందుకుంటుంది.

జోయాంతిడ్‌లు పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వాటితో నిండిన రాయిని ఎట్టి పరిస్థితిలోనూ మరిగించకండి, ఆవిరి పీల్చినవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు.

చేప ఒంటి మీద తెల్ల చుక్కలు

ఉప్పు రవ్వల్లా కనిపిస్తే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. రాగి మందు దీనికి పనిచేస్తుంది గాని నత్తలను, రొయ్యలను, పగడాలను చంపుతుంది. చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి అక్కడే వైద్యం చేయాలి. అసలు ట్యాంక్‌ను రెండున్నర నెలలు చేప లేకుండా వదిలేయాలి. కొత్త చేపను నెల రోజులు విడిగా ఉంచితే ఇదంతా తప్పుతుంది.

నీళ్లలో చేయి పెడితే జివ్వుమంటోంది

చేయి తీసేసి, ఏదీ ముట్టుకోకుండా మెయిన్ ఆపండి. చాలాసార్లు దోషి హీటర్, గాజు సన్నగా చిట్లి ఉంటుంది. ఉప్పునీళ్లు మంచినీళ్ల కన్నా ఎన్నో రెట్లు బాగా కరెంటును మోస్తాయి కాబట్టి ట్యాంక్ లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంపే స్విచ్చి) లేకుండా ఒక్క పంపు కూడా పెట్టకండి. ప్రతి తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా సర్దండి, జారే చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. చిట్లిన హీటర్‌కు అతుకు వేయకుండా పారేయండి. మెయిన్ వేసే ముందు మిగతా పరికరాలన్నీ ప్లగ్గు నుంచి తీసి, ఆర్సీసీబీ పడిపోతోందేమో చూస్తూ ఒక్కొక్కటిగా పెట్టండి.