బోర్డు మీద తెలుగు విడిగా కనిపిస్తుంటే

షాపు బోర్డులో ఇంగ్లీషు పేరు పాపిన్స్ ఫాంట్‌లో గుండ్రంగా, నీట్‌గా వస్తుంది. కింద తెలుగు మాత్రం వేరే ఎవరో రాసినట్టు ఉంటుంది. పాపిన్స్‌లో లాటిన్, దేవనాగరి ఉన్నాయి గానీ తెలుగు లేదు. అందుకే కంప్యూటర్ తన దగ్గరున్నదేదో పెట్టేస్తుంది.

నేనిప్పుడు తెలుగుకి హింద్ గుంటూరు అనే ఫాంట్ పెడుతున్నాను. అదీ పాపిన్స్ చేసిన ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లదే, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇంగ్లీషు సెమీబోల్డ్ (కాస్త లావు అక్షరాలు) అయితే తెలుగూ సెమీబోల్డే. వరుసల మధ్య ఎడం అక్షరాల సైజుకి 1.2 రెట్లు చాలదు, 1.6 రెట్లు ఇవ్వండి. లేకపోతే 'కృష్ణా', 'స్త్రీ' లాంటి మాటల్లో వత్తులు కింది వరుస నెత్తినెక్కుతాయి. ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి గోడకంటించి, పది అడుగుల దూరం నుంచి చూడండి. తెలుగు చిన్నదిగా అనిపిస్తే అప్పుడు సైజు పెంచుకోవచ్చు. ఫ్లెక్స్ షాపుకి పంపేముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చేయండి, వాళ్ల దగ్గర ఆ ఫాంట్ ఉండకపోవచ్చు.

పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో మాత్రం ఇది కుదరదు, వత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటాయి. పని మొదలెట్టేముందు 'స్వాతంత్ర్యం' అని ఒకసారి టైపు చేసి చూసుకోండి.